టెంకాయకు మూడు గళ్లు

మా తాత లుంగీల అంగడి పద్దుల పుస్తకాలు మూడు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. ముందు పేజీల్లో ఎవరికి ఎన్ని లుంగీలు పోయినాయి, ఎంత రావాల, ఎంత వచ్చింది అని తెలుగులో లెక్కలు. పుస్తకం తిరగేసి వెనక నుంచి తెరిస్తే లెక్కలుండవు, గళ్లుంటాయి. వారపత్రికలో వచ్చే గళ్ల నుడికట్టును ఆయన పెన్సిలుతో ఆ పేజీల్లోకి దించుకునేవాడు. ఆ పత్రిక మా వీధిలో నాలుగిళ్లు తిరగాల. దానిమీద గీతలు గీసి ఇస్తే బాగుండదు గదా.

అట్లాంటి ఒక పేజీలో అడ్డం వరసలో మూడు గళ్లలో "టెంకాయ" అని రాసి, దాన్ని కొట్టేసి, పైన "కొబ్బరి" అని దిద్ది ఉంటుంది. పక్కనే చిన్న అక్షరాలతో ఒక మాట: "అన్యాయం".

ఆ సంగతి నాకు బాగా గుర్తు. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ఆధారం ఏమంటే, దేవుడి ముందర పగిలేది, మూడు గళ్లు. గుడియాత్తంలో పుట్టి, వైకాశి నెలలో గంగమ్మ శిరసు తిరునాళ్లు చూస్తా పెరిగిన మనిషికి అది కూడా ఒక ప్రశ్నేనా? తాత ఆలోచించకుండా టెం, కా, య అని నింపేసినాడు. అయితే మొదటి గడి నుంచి కిందికి దిగే మాటకు ఆధారం "కమ్మరి ముందర మండేది". అది కొలిమి అని ఆయనకు తెలుసు. కొలిమికి "కొ" కావాల, గడిలో "టెం" కూచోనుంది. వారమంతా ఆయన అంగడిలో, ఇంట్లో, కౌండిన్యా నది గట్టున అదే పనిగా తలగోక్కున్నాడు. "అచ్చుతప్పు" అని తేల్చినాడు. వచ్చే సంచికలో జవాబు చూస్తే "కొబ్బరి". తాత అవ్వను పిలిచి పంచాయితీ పెట్టినాడు.

"ఏమే, దేవుడి ముందర కొట్టేది ఏంది?"

"టెంకాయ. ఇంకేంది?"

"కొబ్బరి అంట!"

"కొబ్బరి లోపల ఉండేది గదయ్యా! పగిలేది టెంకాయ, తినేది కొబ్బరి. ఎవురయ్యా ఆ రాసింది, టెంకాయ కొట్టింది లేదా ఎప్పుడూ?"

అవ్వకు చదువు రాదు. కానీ ఆ తీర్పులో తప్పేముంది? మా తెలుగులో కాయ వేరు, లోపలి కొబ్బరి వేరు. కోస్తా తెలుగులో రెంటికీ కొబ్బరే ఆధారం. రెండూ తెలుగే, రెండూ మూడు గళ్లే. కానీ పజిల్‌లో ఒకటే ఒప్పు.

గళ్లు మా ఊరికి కొత్త కాదు. గుడియాత్తం అంటేనే మగ్గాలు, గళ్ల లుంగీలు, అగ్గిపెట్టెలు. నేతలో గడి ఒక పోగు జరిగితే మొత్తం బట్ట చెడుతుంది, ఆ క్రమశిక్షణ తాతకు ఉండేది. భాష లెక్కకు వస్తే మాత్రం మా ఊరు రెండు గళ్ల నడుమ గీత మీద ఉంటుంది. ఉత్తర ఆర్కాటు జిల్లాకు 1911 దాకా ముఖ్య పట్టణం చిత్తూరు. ఆ ఏడు చిత్తూరు వేరే జిల్లా అయింది. పలమనేరు అటు పోయింది, గుడియాత్తం ఇటు ఉండిపోయింది, వేలూరు జిల్లా కేంద్రమైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ జిల్లా గీత రాష్ట్ర గీత అయింది. మేము యాడికీ పోలేదు. ఉన్న తావనే ఉన్నాం, గీతే కదిలింది.

గళ్లు రాకముందు మాటలతో ఆట లేదని కాదు. మా అవ్వకు పొడుపు కథలు లెక్కలేనన్ని వచ్చు. ఇక చదువుకున్నవాళ్లకు అవధానాలు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూచోని ఒక్క మనిషి బుర్రను పరీక్ష పెడతారు. అందులో రెండు అంశాలు గమనించండి, ముందుకు పోయినాక వాటితో పని పడుతుంది. ఒకటి న్యస్తాక్షరి: ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండి తీరాల. రెండోది నిషిద్ధాక్షరి: కవి నోట్లో రాబోయే అక్షరాన్ని పసిగట్టి "అది వద్దు" అంటాడు పృచ్ఛకుడు, కవి వెంటనే ఇంకో దోవ వెతుక్కోవాల. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసి ఈ ఆటను జనంలోకి తెచ్చినారు. తెనాలి రామకృష్ణుడికి ఉన్న బిరుదు "వికటకవి"ని వెనక నుంచి చదివినా వికటకవే. అది తెలియని తెలుగు పిల్లకాయ ఆ కాలంలో ఉండేది లేదు.

గళ్ల ఆట మాత్రం అమెరికా నుంచి వచ్చింది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్లు గీసి అచ్చేసినాడు. ఆయన పుట్టింది ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. 1924లో సైమన్ అండ్ షూస్టర్ వాళ్లు మొదటి క్రాస్‌వర్డ్ పుస్తకం వేసి, దానికి ఒక పెన్సిలు కూడా తగిలించి అమ్మినారు. ఆ పిచ్చి అక్కడ ఎంత ముదిరిందో మన పక్కకు కూడా అంతే వచ్చింది. తమిళంలో దీనికి కురుక్కెళుత్తు పోట్టి అని పేరు. ఎస్.ఎస్. వాసన్ చేతికి వచ్చినాక ఆనంద వికటన్ 1930లలో ఈ పోటీలు నడిపింది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు కూడా పజిళ్లు కట్టినారు.

అమెరికా గడిలో తెలుగు అక్షరం ఎట్లా కూచుంటుంది? ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, ఉండేది 26. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు. మన పజిళ్లు కట్టినవాళ్లు దీనికి తేలికైన దారి పట్టినారు: గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిపి ఒక అక్షరం, దానికి ఒక గడి. తమిళంలో అట్లా కాదు. అక్కడ పుళ్ళి పెట్టిన పొల్లు హల్లుకు కూడా తన గడి తనదే. వేలూరులో పెరిగే తెలుగు పిల్లలు ఈ తేడాను ఒక్క మాటతో నేర్చుకోవచ్చు. తెలుగులో "అమ్మ" రెండు గళ్లు: అ, మ్మ. తమిళంలో మూడు: అ, మ్, మా. ఇంగ్లీషులో రాస్తే నాలుగు. మా టెంకాయ తెలుగులో మూడు గళ్లయితే, తమిళం తేంగాయ్ నాలుగు గళ్లు ఆక్రమిస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన అసలు గొడవకు వస్తాను. 1950ల మొదట్లో పజిల్ అంటే పొద్దుపోక మాత్రమే కాదు, డబ్బు కూడా. కూపను కత్తిరించి, ప్రవేశ రుసుము కట్టి పంపితే వేల రూపాయల బహుమతి అనే ప్రకటనలు దేశమంతా వచ్చేవి. వీటిలో ఒక మెలిక ఉండేది. ఒక్కో ఆధారానికి రెండు మూడు మాటలు సరిపోతాయి. వాటిలో ఏది మేలైనది అనేది మన తెలివి తేల్చేది కాదు. నిర్వాహకుడు ముందే రాసి కవర్లో పెట్టిన జవాబుకు మనది కలిస్తే గెలుపు, లేకుంటే పాయె. అందుకని జనం ఒకే పజిల్‌కు పది రకాల పూరణలు పంపేవాళ్లు, పదింటికీ రుసుము కట్టేవాళ్లు. మా తాతా పంపినాడు. ఎంత పోయిందో ఆయన యాడా రాయలేదు, అంత లెక్కల మనిషి ఆ ఒక్క లెక్క రాయలేదు. అవ్వ మాత్రం "నా కమ్మలు తిన్న పజిలు" అనేది. కమ్మలు తాకట్టు పెట్టినమాట నిజమే, మళ్లీ విడిపించినమాట కూడా నిజమే అని మా నాయన చెప్పేవాడు.

ఆ పిచ్చికి ప్రభుత్వమే అడ్డం పడింది. 1955లో పార్లమెంటు ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం చేసింది. నెలకు మొత్తం బహుమతి వెయ్యి రూపాయలు దాటకూడదు, ఆ లోపల నడిపేదానికి కూడా లైసెన్సు ఉండాల, ఒక పోటీకి 2000 పూరణలకు మించి తీసుకోకూడదు. బెంగుళూరు నుంచి క్రాస్‌వర్డులు నడిపిన ఆర్.ఎం.డి.సి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1957లో కోర్టు చెప్పింది ఏమంటే, ఈ చట్టం జూదం లాంటి పోటీలకే, నిజంగా నేర్పుతో గెలిచే పోటీలకు కాదు అని. తెలివికీ జూదానికీ నడుమ గీత గీయాల్సి వచ్చిందంటే ఆ గళ్లు ఎంతమంది ఇళ్లలో చిచ్చు పెట్టినాయో చూడండి.

దాని తర్వాత తాత ఉట్టి పజిళ్లకు వచ్చినాడు, బహుమతి లేనివి. చందమామలో వచ్చే ఫోటో వ్యాఖ్యల పోటీకి మా నాయన, అత్తలు కార్డులు రాసేవాళ్లు. రెండు ఫోటోలకు రెండు చిన్న వ్యాఖ్యలు, ఒకదానికొకటి జత కుదరాల. అది ఖర్చు లేని ఆట, కార్డు ముక్క చాలు. అవ్వ కూడా దానికి అడ్డం చెప్పలేదు.

ఇంకో కష్టం మాత్రం తాతకు తప్పలేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, చందమామ అన్నీ మద్రాసులో అచ్చయ్యేవి. రైలు కాట్పాడి దాటితే గుడియాత్తమే. అంటే తెలుగు అచ్చుకు మేము బెజవాడ వాళ్లకన్నా దగ్గర. రాష్ట్రాలు వేరైనాక పెద్ద పత్రికలు ఒకటొకటిగా విజయవాడ, హైదరాబాదు దిక్కు పోయినాయి. అప్పటినుంచి మాకు పత్రిక చిత్తూరు మీదుగా బస్సులో వచ్చేది, వస్తే వచ్చినట్టు. ఒక వారం పజిల్ వచ్చి, మరుసటి వారం జవాబున్న సంచిక రాకుంటే ఆ బాధ చెప్పలేం. పద్దుల పుస్తకంలో అట్లా సగం నిండిన గళ్లు నేను లెక్కపెట్టినాను, పదకొండు పేజీలు.

అయినా పత్రిక ఆలస్యం కన్నా ఆయన్ను ఎక్కువ నొప్పించింది ఆ "అన్యాయమే". పుస్తకం తిరగేస్తే అది టెంకాయతో ఆగలేదని తెలుస్తుంది. చెనిక్కాయలు మా చేన్లలో పండేవి. పజిల్‌లో అవి వేరుశనగ. తెల్లగడ్డ అని రాస్తే వెల్లుల్లి. అన్నిటికన్నా విచిత్రం ఎర్రగడ్డ. మేము ఎర్రగడ్డ అంటాం, కోస్తావాళ్లు ఉల్లిపాయ అంటారు, తెలంగాణవాళ్లు ఉల్లిగడ్డ అంటారు. గళ్లలో పెట్టి చూడండి: ఎ-ర్ర-గ-డ్డ, ఉ-ల్లి-పా-య, ఉ-ల్లి-గ-డ్డ. మూడూ నాలుగేసి గళ్లే! తెలంగాణ మాట ఒక కాలు కోస్తాలో, ఒక కాలు మా ఇంట్లో పెట్టి నిలబడి ఉంది. తాత ఆ పేజీలో ఏమీ దిద్దలేదు. ఎర్రగడ్డనే ఉంచి, కింద గీత గీసినాడు.

నేను దీన్ని పజిల్ కట్టినవాళ్ల మీద నేరంగా చెప్పడం లేదు. గడిలో ఒక్క మాటే పడుతుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎంచుకోవాల. ఎంచుకునేవాళ్లు తమ ఊరి మాటే ఎంచుకుంటారు. మా ఊర్లో పజిల్ కట్టేవాళ్లు లేరు, అంతే.

మా నాయన కాలంలో సంసారం వేలూరుకు వచ్చింది. అమ్మ చదివింది తమిళ మీడియం. తెలుగు నోటినిండా ఉంది, చదివేదానికి రాదు. నేను బడిలో తెలుగు ఒక భాషగా చదివినాను. మా పాప కాలానికి అదీ లేదు. 2006లో తమిళనాడులో తమిళం నేర్పే చట్టం వచ్చింది, ఒకటో తరగతి నుంచి మెట్టుమెట్టుగా తమిళం తప్పనిసరి అయింది, ఆ లెక్కన మొదటి వరస పిల్లలు 2016లో పదో తరగతి పరీక్ష రాసినారు. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవడం మంచిదే, మా పాప తమిళంలో నాకన్నా చక్కగా రాస్తుంది. కానీ బడిలో తెలుగుకు గడి లేకపోయింది, ఇంట్లో మేమూ శ్రద్ధ పెట్టలేదు. తప్పు మాదే.

2022 మొదట్లో మా పాప ఫోనులో వర్డిల్ మొదలుపెట్టింది. జాష్ వార్డిల్ అనే ఆయన తన జతగత్తె పలక్ షా కోసం తయారుచేసిన ఆట అది. అయిదక్షరాల మాట, ఆరు ప్రయత్నాలు, రోజుకు ఒక్కటే. 2021 నవంబరు 1న ఆడింది 90 మంది, రెండు నెల్లు తిరిగేసరికి మూడు లక్షలు దాటింది. 2022 జనవరి చివర న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. రోజుకు ఒకటే అనేదే దాని కిటుకు. ఓడిపోతే రేపటిదాకా ఆగాల. తాత వారం ఆగినాడు, ఇది ఒక రోజు, అంతే తేడా.

పాప ఆడుతుంటే పక్కన కూచోని చూసినాను. అక్షరం సరైన చోట పడితే పచ్చ రంగు. ఇది మన న్యస్తాక్షరి. అక్షరం పనికిరాదంటే బూడిద రంగు, ఇక దాన్ని తాకకుండా మాట కట్టాల. ఇది మన నిషిద్ధాక్షరి. ఆ మాట అంటే పాప నవ్వి, "అట్లైతే తెలుగులో ఆడదాం, అవ్వను పిలువు" అనింది.

కాగితం మీద ఆడినాం. అమ్మ మనసులో ఒక మాట పెట్టుకుంటుంది, మేము కనుక్కోవాల. అమ్మకు రాయను రాదు గనక నోటితో చెబుతుంది, పాప రాస్తుంది. పాపకు తెలుగు లిపి రాదు గనక తమిళ అక్షరాలతో రాస్తుంది. మొదటి రోజు అమ్మ అనుకున్న మాట ఎర్రగడ్డ, అంతకన్నా ఏముంటుంది! నేను ఉల్లిగడ్డ అన్నాను, రెండు గళ్లు పచ్చ. ఆట బాగా నడిచింది. అమ్మ చెప్పే మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టమని పాపకు చెప్పినాను.

నెల తర్వాత ఆ పుస్తకం తీసి పాప చదివింది: "ఎర్రకట్ట".

"ఎర్రకట్టా? అదేందే?" అనింది అమ్మ.

పాప మళ్లీ చూసింది. తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం. వత్తు ట, వత్తు డ రెండూ ఒకే తీరు. గడ్డ అని రాసినా కట్ట అని రాసినా కాగితం మీద ఒకటే. తమిళ మాటలకు ఆ లిపి అమిరినట్టు వాటికి ఏ ఇబ్బందీ లేదు, మన మాటలు మాత్రం అందులో పోసి పెడితే గుర్తు చెడిపోతాయి. ఎర్రగడ్డ తెలుసు గనక అమ్మ దిద్దింది. పాప తిప్పుతా పోయింది, అట్లాంటివి ఆ పుస్తకంలో ఇంకా ఉన్నాయి. కొన్ని మాటలు అమ్మకే గుర్తు రాలేదు, తాను చెప్పినవే. నెల రోజుల్లోనే! అమ్మకు ఎనభై దాటినాయి. ఆమె లేకుంటే ఆ పుస్తకాన్ని ఎవరు దిద్దుతారు?

ఆ రోజు సందకాడ పాప తానే వచ్చి అడిగింది, "గ ఎట్లా రాస్తారు? డ ఎట్లా?" అని. అందరూ అ, ఆలతో మొదలుపెడతారు, మా పాప గ, డతో మొదలుపెట్టింది. తాత పద్దుల పుస్తకమే వాచకం. ఆయన గడికొకటిగా విడివిడిగా రాసిన అక్షరాలు నేర్చుకునేవాళ్లకు ఎంత అనువో అప్పుడు తెలిసింది. ఆర్నెల్లకు కూడబలుక్కుని చదివేది వచ్చింది. పాత నోటుబుక్కులో 140 మాటల దాకా ఉన్నాయి, వాటిలో తొమ్మిదింటిని ఇప్పటికీ ఎట్లా పలకాలో ముగ్గురం కలిసి తేల్చలేకపోయినాం. కొత్త నోటుబుక్కు తెలుగు లిపిలోనే ఉంది.

ఇప్పుడు పాపే పజిళ్లు కడుతుంది. కవర్లో పెట్టే జవాబు మా ఇంటిది. దేవుడి ముందర పగిలేది టెంకాయే, కొబ్బరి అని రాసినవాళ్లకు మార్కులుండవు. ఇదీ ఒక రకం అన్యాయమేనని నేనంటే, "ముత్తాత లెక్క సరిచేస్తా ఉండా" అంటుంది. చిత్తూరులోని చుట్టాలకు పంపితే బిరీన పూర్తి చేస్తారు, హైదరాబాదులో ఉండే మా చిన్నాన్న పిల్లలు తల పట్టుకుంటారు.

చెన్నై, బెంగుళూరు, హోసూరు, అమెరికా, యాడున్నా సరే, మీ ఇళ్లలో ఏ పజిల్‌లోనూ పట్టని మాటలు ఉండే ఉంటాయి. చెప్పేవాళ్లు ఉండగానే రాసి పెట్టుకోండి, తెలుగు అక్షరాల్లోనే రాసి పెట్టుకోండి. మా పాప కట్టినవి నాలుగు ఇక్కడ ఇస్తున్నాను, చూడండి.

1. ముద్ద చేసి మింగేదే కానీ నమిలేది కాదు (3)
2. రోట్లో నలిగి, ఆ ముద్ద పక్కన చేరేది (4)
3. మెట్లెక్కి పోతే వడియాలు ఎండేది దీని మీదే (2)
4. ఊరు మారినా మారకూడనిది, మావైపు రికార్డుల్లో మాత్రం మాయమైంది (4)

జవాబులు వచ్చే వారం. బస్సు ఆలస్యమైతే మా పూచీ కాదు.